నిద్రను కూడా లెక్కలోకి తీసుకున్నాకే పాలు పెరిగాయి: ఒక తల్లిపాల కేస్ స్టడీ

బెంగళూరులో తల్లిపాల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నాకు ఫోన్ చేసేవాళ్ళలో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. "పాలు పడలేదు మేడమ్" అన్నదే చాలా ఫోన్లలో మొదటి మాట. ఈ కేసులో ఆ మాట వెనక ఒకేసారి నాలుగు కారణాలున్నాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్నదే. వాటిని ఏ వరసలో సరిచేయాలి, దేన్ని కొన్నాళ్ళు వదిలేయాలి అన్న దగ్గరే అసలు ఆలోచన అవసరమైంది. ఆ ఆలోచన ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. ఆ తల్లి అనుమతి తీసుకున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

తల్లికి ముప్ఫై దాటాయి, మొదటి కాన్పు. సొంతూరు రాయలసీమలో. పుట్టింట్లో పురుడు పోసుకోవాలనుకున్నారు గానీ బీపీ పెరగడంతో 36 వారాలు దాటిన కొద్ది రోజులకే బెంగళూరులో సిజేరియన్ చేశారు. అందుకని వాళ్ళమ్మగారే ఇక్కడికి వచ్చేశారు. పాప పుట్టినప్పుడు 2,410 గ్రాములు.

36 వారాలకు పుట్టిన బిడ్డలు చూడ్డానికి నెలలు నిండిన బిడ్డల్లాగే ఉంటారు. అందుకే ఇంట్లో వాళ్ళు, ఒక్కోసారి ఆసుపత్రి వాళ్ళు కూడా పొరబడతారు. ఈ బిడ్డలకు రొమ్ము పట్టుకోవడం వచ్చినా ఓపిక ఉండదు. నాలుగు గుక్కలు తాగి నిద్రలోకి జారుకుంటారు. నోరు మాత్రం కదులుతూనే ఉంటుంది కాబట్టి తాగుతున్నారనే అనుకుంటాం. కామెర్లు వచ్చే అవకాశమూ వీళ్ళకు ఎక్కువే. ఈ పాపను రెండు రోజులు లైట్ కింద పెట్టారు. నాలుగో రోజుకు బరువు 2,230 గ్రాములకు దిగింది. అంటే ఏడున్నర శాతం. మొదటి రోజుల్లో అంత తగ్గడం కంగారు పడాల్సిన విషయం కాదు. ఆసుపత్రిలో డబ్బాపాలు మొదలుపెట్టారు. పంపు వాడమని తల్లికి చెప్పింది మాత్రం ఐదో రోజున.

ఆ ఐదు రోజులు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. కాన్పులో మాయ బయటికి రాగానే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోయి, రెండు మూడు రోజుల్లో పాలు వాటంతట అవే పడతాయి. ఆ తర్వాత అవి నిలబడటం, పెరగడం మాత్రం రొమ్ములోంచి ఎన్నిసార్లు, ఎంత బయటికి వెళ్తున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. పాలు లోపలే నిలిచిపోతే తయారీ తగ్గించమని శరీరానికి కబురు వెళ్ళినట్టే. బిడ్డ లైట్ కింద ఉన్నప్పుడు తల్లి మూడు గంటలకోసారి చేత్తో పిండుకున్నా ఎంతో మేలు. ముర్రుపాలు పంపుకంటే చేతికే బాగా వస్తాయి.

నేను చూసేనాటికి

బారసాల అయిన రెండు మూడు రోజులకు పిలిచారు. పాపకు 24 రోజులు, బరువు 2,560 గ్రాములు. నాలుగో రోజు నుంచి లెక్కేస్తే రోజుకు 16 గ్రాముల చొప్పున పెరిగింది. ఈ వయసులో 20 నుంచి 30 గ్రాములు ఉండాలి. తల్లికి పంపులో రోజంతా కలిపి 110 మిల్లీలీటర్లు వస్తున్నాయి. బారసాలకు వచ్చిన ప్రతి ఒక్కరూ "పాలు సరిపోతున్నాయా?" అని అడిగి వెళ్ళారట. అది చెప్తూ ఆమె ఏడ్చేసింది.

డిశ్చార్జి అప్పుడు వాళ్ళకు చెప్పిన పద్ధతి ఇది: ముందు రొమ్ము పట్టించాలి, తర్వాత పైపాలు తాగించాలి, ఆ తర్వాత పంపు చేయాలి, ప్రతి మూడు గంటలకూ. ఆమె దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. ఆమెతో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. రొమ్ము దగ్గర 40 నిమిషాలు, ఉగ్గుగిన్నెతో పాలు పట్టడానికి 30, పంపుకు 25, కడగడం మరిగించడం 15. మొత్తం 110 నిమిషాలు. రోజుకు ఎనిమిదిసార్లంటే దాదాపు 15 గంటలు. మిగిలిన తొమ్మిది గంటలూ ఒక్కచోట దొరికేవి కావు, గంటా గంటంపావు ముక్కలుగా దొరికేవి. ఆ ముక్కల్లోనే స్నానం, తిండి, నిద్ర.

ముందు బిడ్డ కడుపు

మొదటి నిర్ణయం పాల గురించి కాదు, బిడ్డ బరువు గురించి. చాలామంది తల్లులు దీనికి భయపడతారు. పైపాలు పెంచితే తల్లిపాలు పూర్తిగా పోతాయని అనుకుంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో ఇది తలకిందులుగా పనిచేస్తుంది. కడుపు నిండని బిడ్డకు బలం ఉండదు, బలం లేని బిడ్డ రొమ్ము దగ్గర ఇంకా త్వరగా నిద్రపోతుంది. కడుపు నిండా తాగి బరువు పెరిగిన బిడ్డే తర్వాత రొమ్ము బాగా చీకుతుంది.

ఎంత పడుతున్నారని అడిగితే "ముప్ఫై మిల్లీ, ఎనిమిదిసార్లు" అన్నారు. కలిపి చూపించమని అడిగాను. అమ్మమ్మగారు డబ్బా తీసి ఒక స్కూపుకు 45 మిల్లీలీటర్ల నీళ్ళు పోశారు. డబ్బా మీద ఉన్నది 30కి ఒకటి. "చిక్కగా ఉంటే పసిదానికి అరగదమ్మా, అందుకే కాస్త పల్చన చేస్తున్నా" అన్నారు. ఆవుపాలలో నీళ్ళు కలిపి పట్టిన తరం ఆమెది. ఆ జాగ్రత్త వెనక ఉన్నది ప్రేమే. డబ్బాపాలు కొలత ప్రకారం కలిపితేనే బిడ్డకు కావలసినంత బలం అందుతుందని, నీళ్ళు ఎక్కువైతే కడుపు నిండినట్టు ఉంటుంది గానీ ఒళ్ళు పట్టదని చెప్పాను. అర్థం చేసుకున్నారు. ఎలా కలుపుతున్నారని నోటితో అడిగి ఊరుకుంటే ఈ విషయం బయటపడేది కాదు. కళ్ళతో చూడాలి.

కొలత సరిచేసి, ఒక్కో విడతకు 50 నుంచి 55 మిల్లీలీటర్లకు పెంచాం. కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్లన్న లెక్కకు కాస్త పైన. పిల్లల డాక్టరుతో మాట్లాడే ఈ మార్పు చేశాం. ఉగ్గుగిన్నెను మాన్పించలేదు. పాపను నిటారుగా కూర్చోబెట్టి, తనంతట తాను చప్పరించేలా కొద్దికొద్దిగా పట్టడం వాళ్ళకు బాగా వచ్చు.

అదే రోజు పాపను తూకం వేసి రొమ్ము పట్టించాం, డైపర్ మార్చకుండా మళ్ళీ తూకం వేశాం. 40 నిమిషాల తర్వాత తేడా 8 గ్రాములు. అంటే పాపకు అందింది ఇంచుమించు 8 మిల్లీలీటర్లు. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ అంకె మీదే ఆధారపడ్డాయి.

పంపు

పంపు అపార్ట్‌మెంటులో ఎవరో వాడి ఇచ్చినది. మోటారు బాగానే ఉంది. బాతుముక్కులా ఉండే చిన్న సిలికాన్ వాల్వ్ చీలిక మాత్రం సాగిపోయింది. అది మూసుకోకపోతే లాగే బలం సగం గాలికే పోతుంది. రెండోది, పంపుతో వచ్చిన షీల్డ్, అంటే రొమ్ముకు ఆనించే గరాటు, 24 మిల్లీమీటర్లు. ఆమె చనుమొన కొలిస్తే 16. అంత వదులుగా ఉంటే చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి చర్మం కూడా గొట్టంలోకి వచ్చి ఉబ్బుతుంది, పాలు సరిగ్గా దిగవు, నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టేకొద్దీ "స్పీడు చాలట్లేదేమో" అని ఆమె బలం పెంచుతూ పోయింది. లోపల పెట్టే చిన్న ఇన్సర్ట్‌తో సైజు 19కి తెచ్చాం. ఒకరు వాడిన పంపులో పాలు మోటారు వైపు వెళ్ళే వీలుంటే శుభ్రం చేయడం కుదరదు కాబట్టి, ఎక్కువమంది వాడేందుకే తయారైన పంపు ఒకటి నెలకింతని అద్దెకు తెప్పించాం. ట్యూబులు, కప్పులు కొత్తవి. బలం నొప్పి లేనంత వరకే. చివర రెండు నిమిషాలు చేత్తో పిండుకోవడం. వారంలో 110 కాస్తా 190 అయింది.

పనిచేయని ప్లాను

నా మొదటి ప్లాను ఇది: ప్రతి విడతా రొమ్ము పట్టించాలి, కానీ 15 నిమిషాలు దాటకూడదు. పాప ఆగినప్పుడల్లా రొమ్మును మెల్లగా నొక్కి పాలు నోట్లోకి వెళ్ళేలా చూడాలి. తర్వాత ఉగ్గుగిన్నె, పంపు. పాపకు రొమ్ము అలవాటు పోకుండా ఉంటుంది, 110 నిమిషాలు 85కి తగ్గుతాయి అనుకున్నాను.

కాగితం మీద బాగుంది, ఇంట్లో నిలబడలేదు. భర్తకు అమెరికా వాళ్ళతో కాల్స్ అర్ధరాత్రి దాకా ఉంటాయి. అమ్మమ్మగారికి మోకాళ్ళ నొప్పి. రాత్రి మొత్తం తల్లి మీదే పడింది. ముందు తెల్లవారుజామున చేసే పంపు తప్పింది. తర్వాత పగలు ఒకటి. పాప రోజుకు 30 గ్రాముల దాకా పెరుగుతోంది, అదొక్కటే ఊరట. పాలు 210 దగ్గర ఆగిపోయాయి. ఆమె పంపు సీసాను వెలుగుకు ఎత్తి గీతలు చూడటం, ఆ అంకెను బట్టి ఆ రోజంతా ఎలా గడవాలో తేలిపోవడం గమనించాను. కాన్పు తర్వాతి కుంగుబాటును పసిగట్టే పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్ ఇచ్చాను. 14 వచ్చింది. 13, ఆపైన వస్తే డాక్టరు చూడాల్సిందే. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన లేదని చెప్పింది. అయినా గైనకాలజిస్టుకు ఫోన్ చేసి, ఆ వారంలోనే మానసిక వైద్యురాలిని కలిసే ఏర్పాటు చేశాం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి చూసే విభాగం ఉంది. అవసరమైతే అక్కడికి వెళ్ళొచ్చని ముందే చెప్పి ఉంచాను. ఆ పేరు వింటే భయపడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, భర్త మాత్రం "ఎక్కడికైనా తీసుకెళ్తాను మేడమ్" అన్నాడు.

దేన్ని తగ్గించాలి?

ఏదో ఒకటి తగ్గించక తప్పదు. పంపు తగ్గించి రొమ్ము ఉంచాలా, రొమ్ము తగ్గించి పంపు ఉంచాలా?

తల్లిపాల కౌన్సెలర్ రొమ్ము తగ్గించమనడం చాలామందికి వింతగా తోస్తుంది. కానీ 8 గ్రాముల అంకె చూడండి. పాప అప్పటికి లెక్క ప్రకారం ఇంకా 41 వారాల లోపే. చీకే ఓపిక నెలలు నిండేకొద్దీ దానంతట అదే వస్తుంది. దానికోసం ఆగొచ్చు. పాల తయారీ ఆగదు. ఈ వారాల్లో తగ్గితే తర్వాత పెంచడం చాలా కష్టం. ఆగగలిగినదాన్ని ఆపి, ఆగలేనిదాన్ని కాపాడాలి. అందుకని నేరుగా పాలివ్వడాన్ని పగటిపూట రెండుసార్లకు కుదించాం. అదీ పాప హుషారుగా ఉన్నప్పుడు, ముందు 15 మిల్లీలీటర్లు పట్టి ఆకలి మంట తగ్గాక. చనుమొన మీద తొడిగే పలచటి సిలికాన్ నిపుల్ షీల్డ్ పెట్టి చూశాం, తూకంలో తేడా 22కు పెరిగింది. మిగతా సమయాల్లో పాపను ఒంటికి హత్తుకుని పడుకోమన్నాను, పాలివ్వాలన్న టెన్షన్ లేకుండా.

పంపు రోజుకు ఏడుసార్లు. రాత్రి పదిన్నరకు ఒకటి చేసి పడుకుంటే తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. ఒంటిగంటకు పాలు పట్టడం భర్త వంతు. కాల్స్ అయ్యాక ఎలాగూ మేలుకునే ఉంటాడు. ఐదు గంటల నిద్ర ఒక్క ముక్కలో దొరకాలన్నది నా షరతు. అమ్మమ్మగారు ఒప్పుకోలేదు. "రాత్రి తల్లి లేవకపోతే పాలు ఎండిపోవా?" అన్నారు. ఆమె మాటలో నిజం లేకపోలేదు. పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువ. రాత్రంతా పంపు లేకపోతే నష్టమే. కానీ పదిన్నరకు ఒకటి, నాలుగింటికి ఒకటి ఉన్నాయి. కాగితం మీద ఎనిమిది రాసి ఐదు చేయడం కంటే, ఏడు రాసి ఏడూ చేయడం వల్ల వచ్చే పాలు ఎక్కువ. రొమ్ములు బిగిసి గడ్డ కడితే మాత్రం వెంటనే లేచి పిండుకోమని చెప్పాను. కట్టలేదు.

గీతలు కనిపించకుండా సీసాకు ప్లాస్టర్ అంటించమన్నాను. కొలత భర్త రాసుకునేవాడు, వారానికోసారి నాకు పంపేవాడు.

పాపకు ఏడు వారాలు వచ్చేసరికి పాలు 310.

మానేసిన మాత్ర

ఇది మొదటి రోజే నోట్ చేసుకున్న విషయం. గర్భానికి ముందు నుంచే ఆమెకు థైరాయిడ్ మాత్ర ఉంది, 50 మైక్రోగ్రాములు. గర్భంలో 75కి పెంచారు. కాన్పు తర్వాత మామూలుగా పాత డోసుకు తెస్తారు. డిశ్చార్జి కాగితంలోని మందుల జాబితాలో ఆ మాత్రే లేదు. ఐరన్, కాల్షియం, నొప్పి మాత్రలు ఉన్నాయి. రాయలేదంటే అవసరం లేదేమో అని ఆమె మానేసింది. థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే పాలు తగ్గొచ్చు, నీరసం, దిగులు రావొచ్చు. ఆ దిగులు మనసుదా, హార్మోనుదా అన్నది బయటినుంచి చెప్పలేం. అందుకే రెండు వైపులా చూపించాం.

గైనకాలజిస్టు థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రాశారు. ఫలితం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువైనట్టు. మాత్ర మళ్ళీ మొదలైంది. అది పాలిచ్చే తల్లికి, బిడ్డకు సురక్షితమే. పాలు పెంచడానికి డొంపెరిడోన్ ఇద్దామా అన్న మాట అప్పుడే వచ్చింది. గుండె లయ మీద దాని ప్రభావం చూసి జాగ్రత్తగా వాడాల్సిన మందు అది, అసలు కారణం చేతిలో ఉండగా తొందరెందుకని డాక్టరు ఆగారు. కొందరు రాసే మెటోక్లోప్రమైడ్ కుంగుబాటు తేవచ్చు కాబట్టి ఈ తల్లికి అసలు తగదు. మెంతులు, వెల్లుల్లి, కాయం ముద్ద లాంటి ఇంటి ఆనవాయితీలకు నేను అడ్డు చెప్పలేదు. నీళ్ళు తక్కువ తాగాలనే పథ్యం మాత్రం వద్దన్నాను.

మాత్ర మొదలయ్యాక కొన్నాళ్ళు ఏమీ మారలేదు. థైరాయిడ్ సర్దుకోవడానికి ఆరు వారాల దాకా పడుతుంది, ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి. కానీ ఎలా వేసుకుంటున్నారని అడిగితే ఇంకోటి తెలిసింది. అమ్మమ్మగారు మాత్రలన్నీ ఒక గిన్నెలో పెట్టి టిఫిన్ తర్వాత ఇచ్చేవారు. ఐరన్, కాల్షియం థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వవు. పొద్దున నాలుగింటి పంపు దగ్గర పరగడుపున నీళ్ళతో ఆ ఒక్కటి, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి అని విడదీశాం. ఈ మధ్యలో గంటసేపు ఆపి ఆపి చేసే పవర్ పంపింగ్ చేస్తానని ఆమె అడిగింది. వద్దన్నాను. పెరిగిన నిద్రలోంచి మళ్ళీ గంట తీసుకోవడం నాకిష్టం లేదు.

తర్వాత

పన్నెండో వారానికి పాలు 520 మిల్లీలీటర్లు. పాప బరువు నాలుగు కిలోలు దాటింది. డబ్బాపాలు రోజుకు ఒకటి రెండుసార్లకు వచ్చాయి. తొమ్మిదో వారంలో తూకం తేడా 46 గ్రాములు చూపించింది, అదీ 20 నిమిషాల్లో. ఆ తర్వాత నిపుల్ షీల్డ్ అవసరం పోయింది. నేరుగా తాగే విడతలు పెరిగేకొద్దీ పంపు ఒక్కొక్కటే తగ్గించాం. ఎడిన్‌బరో స్కోరు 6కి దిగింది. అందులో నిద్ర వాటా ఎంత, మాత్ర వాటా ఎంత, మానసిక వైద్యురాలి వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేను.

పూర్తిగా తల్లిపాలే అన్న స్థితికి ఈ పాప ఆరు నెలల్లోపు రాలేదు. తోటివాళ్ళలో కొందరు దీన్ని సగం విజయమే అంటారు. నేను అలా చూడను. 110 దగ్గర ఆగిపోవాల్సిన తల్లి బిడ్డకు ఎక్కువ భాగం తన పాలే ఇవ్వగలిగింది, ఆరోగ్యంగా ఉండి ఇవ్వగలిగింది. రోజుకు ఒక డబ్బాపాల విడత కోసం ఆమెను మళ్ళీ ఆ 15 గంటల చక్రంలోకి నెట్టే హక్కు నాకు లేదు.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన 26 వారాల సెలవు అయ్యాక ఆఫీసుకు వెళ్ళింది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పని మధ్యలో రెండు విరామాలు చట్టంలోనే ఉన్నాయని, మామూలు విశ్రాంతికి అవి అదనమని ఆమె మేనేజరుకు తెలియదు. మెయిల్ రాయించాను. ఆఫీసులో రెండుసార్లు పంపు, పాలు ఫ్రిజ్‌లో, తిరుగు ప్రయాణంలో ఐస్ ప్యాక్ సంచిలో. ట్రాఫిక్‌లో రెండు గంటలైనా ఆ సంచిలో పాలకు ఏమీ కాదు. బయట ఉంచితే 25 డిగ్రీల దాకా నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. పదో నెలలో పంపు అద్దెకిచ్చినవాళ్ళకు తిరిగి ఇచ్చేసింది. పొద్దున, రాత్రి రొమ్ముపాలు పుట్టినరోజు తర్వాతా సాగాయి.

రెండో కాన్పు ఉంటే పనికొస్తుందని ఆమె ఫైలు మొదటి పేజీలో ఇవి రాసి ఇచ్చాను: గర్భం అని తెలిసిన వెంటనే టీఎస్‌హెచ్. డిశ్చార్జి రోజు మందుల జాబితాలో థైరాయిడ్ మాత్ర ఉందో లేదో భర్త చూసుకోవాలి. ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష. బిడ్డ పక్కన లేకపోతే మొదటి ఆరు గంటల్లోపే చేత్తో పిండటం మొదలుపెట్టాలి. పంపు షీల్డ్ కొలత మళ్ళీ తీయాలి. రాత్రి ఒంటిగంట పాలు నాన్నవి.